పదహారు తెలుపులు

రంగుల మేస్త్రి బొమ్మల బడిలో చేరింది బొమ్మలు నేర్చుకోవడానికి కాదు. బావమరిది మొహాన కొట్టడానికి ఒక కాగితం కావాలి. అందుకు చేరాడు.

అరవై రెండేళ్ళ మనిషి. నలభై ఏళ్ళు గోడలకు రంగులేశాడు. భార్య పోయి మూడేళ్ళయింది. ఆమె తమ్ముడితో మాటలు ఆగి రెండేళ్ళయింది. ఆ రెండిట్లో మొదటిది ఎవరి చేతిలోనూ లేదు. రెండోది మేస్త్రి నోటితోనే జరిగింది.

సంగతేమిటంటే, ఒక పళ్ళ డాక్టరు తన ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదికి తెల్లరంగు వేయమన్నాడు. మేస్త్రికి ఒక పద్ధతి ఉంది. తెలుపును ఉన్నదున్నట్టు గోడకు వేయడు. డబ్బాకు ఒక చుక్క పసుపు కలుపుతాడు. "ఉత్త తెలుపుకు చలి ఎక్కువ. చుక్క పడితే చలి విరుగుతుంది" అంటాడు. ఆ చుక్కతోనే అతనికి ఊళ్ళో పేరొచ్చింది. ఆ రోజు గోడ ఎడమ సగానికి బావమరిది కలిపాడు, కుడి సగానికి మేస్త్రి కలిపాడు. రంగు ఆరాక డాక్టరు వచ్చి, చేతులు నడుముకు పెట్టుకుని చూశాడు.

"సగం గోడ పళ్ళు తోముకున్నట్టుంది, సగం తోముకోనట్టుంది" అన్నాడు.

మేస్త్రికి గోడంతా ఒకటిగానే కనబడింది. కానీ డాక్టరు చూశాడు, ఇద్దరు కూలీలు చూశారు, బుగ్గ వాచి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్న ఒకావిడ కూడా తల ఊపింది. ఇంతమంది ఉందన్న తేడాను లేదనడానికి మేస్త్రికి నోరు రాలేదు. తప్పు ఎవరిదో చెప్పడానికి మాత్రం వచ్చింది.

"వీడు చుక్క మర్చిపోయుంటాడు సార్. ఎడమ పక్క మళ్ళీ వేయిస్తాను."

"మర్చిపోలేదు బావా" అన్నాడు బావమరిది. "ఒక చుక్క వేశాను. నువ్వే ఆరు పోశావు, నేను లెక్కపెట్టాను. నీ కన్ను పోయింది."

"నా కన్ను పోలేదురా. మీ అక్కతోపాటు నీ చుట్టరికం పోయింది. ఇన్నాళ్ళూ దాని మొహం చూసి నిన్ను మోశాను. బ్రష్షు అక్కడ పెట్టి నడువు."

బావమరిది బ్రష్షు కడిగాడు, పిండాడు, డబ్బా మీద అడ్డంగా పెట్టాడు. వెళ్ళిపోయాడు. ఆ తరవాత వేరే పనులు పట్టుకుని తనే మేస్త్రి అయ్యాడు.

మేస్త్రి మర్నాడే కళ్ళజోళ్ళ కొట్టుకు వెళ్ళి అక్షరాల పలక ముందు కూర్చున్నాడు. పై వరుస నుంచి కింది వరుస దాకా చదివాడు. దాని కింద పలక అచ్చువేసినవాళ్ళ పేరు కూడా చదివాడు. కొట్టువాడు దండం పెట్టాడు. ఈ సంగతి రంగుల కొట్టు ఆసామి ద్వారా బావమరిది చెవిన పడేట్టు చూశాడు. జవాబు కూడా ఆ ఆసామి ద్వారానే వచ్చింది.

"అక్షరాలు నల్లగా ఉంటాయి కదా, మా బావకు నల్లవి బాగానే కనబడతాయి, ఆయన మనసు లాగే ఉంటాయి కాబట్టి అన్నాడండీ" అని ఆసామి నవ్వకుండా చెప్పడానికి చాలా కష్టపడ్డాడు.

అక్షరాల సాక్ష్యం చెల్లలేదు. రంగుల సాక్ష్యం కావాలి. రెండేళ్ళకు ఆ రంగుల కొట్టు తలుపు మీదే ఒక ప్రకటన కనబడింది. బొమ్మల బడిలో తొలి తరగతి, మూడు నెలలు, శనివారం ఉదయాలు, వయసుతో పనిలేదు. గీత, ఆకారం, వెలుగునీడ, రంగు. చివర్లో నాలుగింటికీ విడివిడిగా మార్కులు వేసి, ముద్ర కొట్టి కాగితం ఇస్తారు. మేస్త్రి ఆ ప్రకటన రెండుసార్లు చదివాడు. గీత, ఆకారం, వెలుగునీడ ఏ గంగలో కలిసినా సరే, రంగు దగ్గర నూటికి నూరు వేయించుకుని ఆ కాగితం పట్టుకెళ్ళాలనుకున్నాడు.

బడి రెండో అంతస్తులో ఉంది. పొడుగాటి గది. ఒక పక్కంతా కిటికీలు. ఎండ నేరుగా పడని పక్కకు వాటిని పెట్టారు. బల్లల మీద పాత రంగుల మచ్చలు, కత్తి గాట్లు. టీచరు ముప్ఫై దాటని మనిషి, జుట్టులో పెన్సిలు గుచ్చుకుని మర్చిపోయి ఇంకో పెన్సిలు వెతుక్కునే రకం. పన్నెండు మంది చేరారు. మేస్త్రి బల్ల మీద అతను కాక ఇద్దరు. ఒకావిడ రిటైరైన నర్సు. ఇంకొకడు బస్సు డ్రైవరు, నలభై ఏళ్ళవాడు, నోరు ఊరుకోదు.

మొదటి రోజు టీచరు అందరినీ తమ ఎడమ చెయ్యి గీయమంది. కాగితం వంక చూడకూడదు, చెయ్యి వంకే చూడాలి, పెన్సిలు లేపకూడదు.

"చూడకుండా గీస్తే గీత వంకరపోదా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"పోతుంది మేస్త్రిగారూ. పోనివ్వండి. మీరు చెయ్యి గురించి మీకు తెలిసింది గీస్తారు. నాకు మీకు కనబడేది కావాలి."

"నాకు తెలిసిందీ కనబడేదీ ఒకటే."

"అందరూ మొదటిరోజు అదే అంటారు" అంది టీచరు, పక్క బల్ల దగ్గరికి వెళుతూ.

డ్రైవరు చెయ్యి వంకాయలా వచ్చింది. నర్సు చేతికి ఆరు వేళ్ళొచ్చాయి. మేస్త్రి దొంగచాటుగా కాగితం చూసి గీశాడు. తిన్నటి చెయ్యి వచ్చింది, గోడకు కొట్టిన బోర్డు మీద చెయ్యిలా. టీచరు దాని ముందు ఆగి, "చూశారు కదూ" అంది. ఏది చూశారంటుందో చెప్పలేదు.

రెండో వారం బల్ల మీద ఒక కుర్చీ ఎక్కించి పెట్టింది. కుర్చీ గీయవద్దంది. కుర్చీ కాళ్ళ మధ్య ఉన్న ఖాళీలు గీయాలి. ఖాళీలన్నీ సరిగా కుదిరితే కుర్చీ దానంతటదే నిలబడుతుందంది.

"ఇదేం చోద్యం బాబాయ్" అన్నాడు డ్రైవరు మెల్లగా. "మా బస్సులో ఖాళీ లేదు, అందుకే నాకు రావట్లేదు."

మేస్త్రికి మాత్రం ఇది వచ్చింది. కిటికీల చుట్టూ, తలుపుల చుట్టూ అంచులు తీసిన చెయ్యి. చెక్కను వదిలి గోడను పట్టుకోవడం అతనికి కొత్తకాదు. ఆ రోజు టీచరు అతని కాగితం గోడకు గుచ్చింది. మేస్త్రి ఇంటికి వెళుతూ దారిలో రెండుసార్లు గుర్తుచేసుకుని, గుర్తుచేసుకున్నందుకు తనమీద తనే విసుక్కున్నాడు. వచ్చింది మెప్పు కోసం కాదు.

తరవాతి మూడు వారాలు బొగ్గుతో పని. తెలుపు నుంచి నలుపు దాకా తొమ్మిది గళ్ళు నింపాలి, గడికీ గడికీ మధ్య ఒకే ఎత్తు మెట్టు ఉండాలి. నాలుగో మెట్టు దగ్గర అందరూ కూలబడ్డారు. మేస్త్రి కళ్ళు సగం మూసి, బొగ్గు పొడిని వేలి చివరతో అద్దుతూ ఒక గంటలో ముగించాడు. టీచరు కొలత పట్టీ పక్కన పెట్టి చూసింది. తొమ్మిదీ కుదిరాయి.

"ఈ గదిలో ఇది నేను ఒక్కదాన్నే చేయగలననుకున్నాను" అంది.

"కన్నుండాలమ్మా" అన్నాడు మేస్త్రి. ఆ మాట బావమరిది వినలేదే అని బాధపడ్డాడు.

ఆరో వారం రంగు మొదలైంది. మేస్త్రి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందొచ్చాడు. పెళ్ళికొడుకు వచ్చాడన్నాడు డ్రైవరు.

టీచరు ఒక్కొక్కరికీ ఒక కవరు ఇచ్చింది. అందులో అరచేతిలో సగం ఉండే చదరపు అట్టముక్కలు పదహారు. అన్నిటికీ ఆమే రంగు వేసింది. వెనక అంకెలు రాసింది. కవరు మీద అచ్చులో ఒక వాక్యం ఉంది: "ముక్కలను వరుసలో పెట్టి తేడా తెలుపుము."

మేస్త్రి ముక్కలు బల్ల మీద పోశాడు. ఒకసారి చూశాడు. నవ్వాడు.

"ఏం తేడా తెలుపుము అమ్మా? అన్నీ తెలుపే కదా. తెలుపులో తేడా తెలుపమంటే ఏం తెలుపుతాం?"

గది నవ్వింది. టీచరు కూడా నవ్వింది. "సరే, వరుస పెట్టండి. ఒక చివర నీలం మొగ్గే తెలుపు, ఇంకో చివర పసుపు మొగ్గే తెలుపు. మధ్యలో మిగతావి. వెలుగులో తేడా లేదు, అన్నీ ఒకే వెలుగు. రంగు ఒక్కటే చూడాలి. మీకిది చిటికెలో పని."

చిటికెలో పనే అయింది. మేస్త్రి అందరికంటే ముందు వరుస పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నర్సు చాలాసేపు తీసుకుంది. డ్రైవరు రెండు ముక్కలు చేతుల్లో పట్టుకుని బ్రేకు వేయాలా వద్దా అన్నట్టు చూస్తున్నాడు.

"తిప్పండి" అంది టీచరు.

నర్సు ముక్కల వెనక ఒకటి నుంచి పదహారు వరుసగా వచ్చాయి. డ్రైవరుకు రెండుచోట్ల తప్పింది. మేస్త్రి ముక్కల వెనక నాలుగు, పదకొండు, ఒకటి, తొమ్మిది, పద్నాలుగు, రెండు అని వచ్చాయి. మిగతావి చూడక్కరలేదు.

డ్రైవరు జోకు వేయకుండా తన ముక్కలు సర్దుకున్నాడు. అది ఇంకా అధ్వాన్నంగా ఉంది.

"అంకెలు తప్పు రాశారు" అన్నాడు మేస్త్రి.

టీచరు పదకొండో ముక్క తీసి, ఒకటో ముక్క పక్కన పెట్టింది. "ఈ రెండూ చూడండి మేస్త్రిగారూ."

"చూశాను. ఒకటే."

"బాబాయ్" అన్నాడు డ్రైవరు, "ఒకటి పాలు, ఒకటి వెన్న."

"నువ్వు బస్సు చూసుకో."

నర్సు అప్పటిదాకా అతని చొక్కా వంక చూస్తూ ఉంది. "అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి. మీరు వేసుకున్న చొక్కా ఏ రంగు?"

"తెలుపు."

"ఎన్నాళ్ళనుంచి మీరే ఉతుక్కుంటున్నారు?"

మేస్త్రి చొక్కా కొస పట్టుకుని చూసుకున్నాడు. భార్య ఉన్నప్పుడు చొక్కాలు నీలిమందు నీళ్ళలో ముంచి ఆరేసేది. ఆమె పోయాక ఆ సీసా ఎక్కడుందో అతనికి తెలియదు. అవసరం కూడా కనబడలేదు. చొక్కాలు తెల్లగానే ఉన్నాయి కదా.

"ఆ చొక్కా వెన్నకంటే ముదిరింది" అంది నర్సు. "కంట్లో శుక్లం. మా అమ్మకూ ఇంతే. చదవగలదు, సూదిలో దారం ఎక్కించగలదు. ఆపరేషనయ్యి ఇంటికొచ్చి, వంటగదికి నీలం ఎవరు వేశారని అందరినీ తిట్టింది. అది పదేళ్ళనాటి నీలం."

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందంటారు" అన్నాడు డ్రైవరు. "మరి బాబాయికి కనబడాలి కదా?"

"సామెత రాసినవాడు రోగి కాడు" అంది నర్సు. "లోకమంతా పచ్చగా ఉన్నవాడికి పచ్చ అనేదే తెలియదు."

మేస్త్రి లేచాడు. ముక్కలు కవర్లో వేశాడు. "ఇవి ఇంటికి తీసుకెళ్తున్నాను" అన్నాడు. తీసుకెళ్ళవచ్చా అని అడగలేదు. టీచరు సరేనంది.

ఇంటి ముందు అరుగు మీద ఎండ బాగా ఉంది. ముక్కలు పరిచి వరుస పెట్టాడు. తిప్పాడు. తప్పు. కలిపి మళ్ళీ పెట్టాడు. తప్పు. మూడోసారి నీడలో పెట్టాడు. మూడోసారీ తప్పే, కానీ వేరే తప్పు. అది అతన్ని ఎక్కువ కలవరపెట్టింది. అంకెలు తప్పుగా రాసి ఉంటే తన వరుస ప్రతిసారీ ఒక్కలాగే రావాలి. ఇక్కడ అంకెలు కదలడం లేదు. తనే కదులుతున్నాడు.

అయినా పరాయివాళ్ళ ముక్కలు. ఆ టీచరు పిల్ల ఏం కలిపిందో ఎవరికి తెలుసు. మేస్త్రి లోపలికి వెళ్ళి తన డబ్బా, తన పసుపు, తన బ్రష్షు తెచ్చుకున్నాడు. అట్టపెట్టె ఒకటి చింపి ముక్కలు చేశాడు. మొదటి ముక్కకు ఉత్త తెలుపు వేశాడు. తరవాత ఒక చిన్న డబ్బాలో ఒక చుక్క, ముక్కకు పూత, వెనక ఒకటి అని అంకె. ఇంకో చుక్క, పూత, రెండు. అలా పది దాకా. ఇందులో మోసం చేయడానికి ఎవరూ లేరు. కలిపింది తను, రాసింది తను, చూసేదీ తను.

ఆరనిచ్చాడు. కళ్ళు మూసుకుని కలిపాడు. వరుస పెట్టాడు.

ఎనిమిది, తొమ్మిది, పది సరిగా వచ్చాయి. ఉత్త తెలుపు నుంచి ఏడో చుక్క దాకా అతనికి అన్నీ ఒకటే.

పళ్ళ డాక్టరు గోడకు తను ఎన్ని చుక్కలు వేశాడో అతను లెక్కపెట్టుకోలేదు. ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు, కంటికి ఆనేదాకా వేసేవాడు. లెక్కపెట్టినవాడు వేరే ఉన్నాడు. ఆరు అన్నాడు. ఆరు ఏడులోపే ఉంది.

మేస్త్రికి ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, కానీ పెట్టుకోవడానికి మనిషి దొరకలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి చూసి జీవితమంతా నవ్వాడు. ఇప్పుడు మద్దెల బాగానే ఉంది.

రెండు రోజులు బయటికి రాలేదు. మూడో రోజు ఉదయం రంగుల కొట్టుకు వెళ్ళి, మా బావమరిది ఎక్కడ పనిచేస్తున్నాడని అడిగాడు. ఆసామి చేతిలో ఉన్న గరిటె డబ్బాలో పడిపోయింది.

అది కొత్తగా కట్టిన మూడంతస్తుల ఇల్లు. మెట్ల గోడకు బావమరిది నిచ్చెన వేసుకుని పైన ఉన్నాడు. కింద నలుగురు పనివాళ్ళు. వాళ్ళలో ఇద్దరు ఆ రోజు డాక్టరు గదిలో ఉన్నవాళ్ళే. మేస్త్రిని చూసి వాళ్ళ చేతులు ఆగాయి. బావమరిది పైనుంచి చూశాడు. దిగలేదు.

"ఏం బావా, దారి తప్పావా?"

"తప్పలేదు. నీ దగ్గరికే."

"చుట్టరికం లేనివాళ్ళతో పనేంటి?"

మేస్త్రి దారిపొడుగునా ఒక మాట సిద్ధం చేసుకున్నాడు. అది పొడుగ్గా ఉంది. అందులో వయసు ఉంది, శుక్లం ఉంది, నర్సు తల్లి కూడా ఉంది. నిచ్చెన కింద నిలబడ్డాక అందులో ఒక్క ముక్కే పనికొస్తుందనిపించింది.

"ఆ రోజు గోడ దగ్గర నువ్వు చెప్పింది నిజం. చుక్కలు నావి."

"వినబడలేదు. పైన గాలి."

మెట్ల దగ్గర గాలి లేదు. మేస్త్రికి తెలుసు, నలుగురికీ తెలుసు. వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

"చుక్కలు నావి!" అని అరిచాడు మేస్త్రి. మూడంతస్తులూ ఆ మాట తిరిగి చెప్పాయి. "నువ్వు కలిపింది సరైనది. నా కన్నే పోయింది. చాలా?"

బావమరిది నెమ్మదిగా ఒక్కో మెట్టూ దిగాడు. కింద నిలబడి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. అతని జుట్టు బాగా నెరిసింది. రెండేళ్ళ కిందట అంత లేదు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. అందరూ చెప్పారు, నమ్మలేదు. నేనే ముక్కలు చేసుకుని చూసుకున్నాను."

"అంటే నేను చెబితే అబద్ధం, అట్టముక్క చెబితే నిజం."

"అంతే."

"నిజమే చెప్పావులే, అదొకటి మెచ్చుకోవాలి." గుడ్డ భుజాన వేసుకున్నాడు. "గోడ సంగతి అయిపోయింది బావా. గోడ సంగతి ఆ రోజే అయిపోయింది. డాక్టరు మళ్ళీ వేయించుకున్నాడు. అక్క మొహం చూసి మోశానన్నావే, అది?"

మేస్త్రి దగ్గర దానికి ముక్కలు లేవు. వెనక అంకెలు రాసి తిప్పి చూసుకునేది కాదు అది. అన్నాడు. అప్పుడు అనాలనే అన్నాడు.

"అది అన్నాను" అన్నాడు.

"తెలుసు. విన్నాను. అప్పుడు కింద నిలబడి ఉన్నాను కదా, గాలి లేదు."

ఎవరూ నవ్వలేదు. బావమరిది వెనక్కి తిరిగి నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు.

"శుక్లమా?"

"అంటున్నారు."

"తీయించుకో. తీయించుకున్నాక కూడా నా దగ్గర రంగు కలపనివ్వను. అక్కడ గోడకు లప్పం పెట్టి వదిలేశాం. నునుపు చేయాలి. ఉప్పుకాగితం బకెట్లో ఉంది. ఉంటే ఉండు, పోతే పో. క్షమించాననుకోకు."

"నేను అడగలేదు."

"అడగవు. అదీ తెలుసు."

మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. ఉప్పుకాగితం ముక్క మడిచి చెక్కదిమ్మకు చుట్టాడు. నలభై ఏళ్ళ కిందట పనిలో చేరినప్పుడు మొదటి ఏడాదంతా చేసిన పని ఇదే. కిటికీ పక్కనుంచి మొదలుపెట్టి, గుండ్రంగా రుద్దుతూ, తెల్లపొడి కనుబొమ్మల మీద పడుతుంటే తుడుచుకుంటూ పోయాడు. మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చుంటే, ఒక పనివాడు పిలవబోయి బావమరిది మొహం చూసి ఆగాడు. బావమరిది తల కొంచెం ఊపాడు. అప్పుడు పిలిచాడు.

తిన్నాక బావమరిది వచ్చి, రుద్దిన గోడ మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి జారవిడిచాడు. ఒకచోట ఆపాడు.

"ఇక్కడ గరుకుగా ఉంది."

"లేదు" అన్నాడు మేస్త్రి, వెంటనే.

బావమరిది చెయ్యి తీయలేదు. మేస్త్రి దగ్గరికి వచ్చి, ఆ చేతి పక్కనే తన వేళ్ళు పెట్టి తడిమాడు. ఒకసారి తడిమాడు. మళ్ళీ తడిమాడు.

దిమ్మ తీసుకుని అక్కడ రుద్దడం మొదలుపెట్టాడు.